రిలీవరు రాని స్టేషను

మా బెంచీ మీద కూర్చుని, నేను పెట్టిన టీ తాగుతూ, ఆ బెంచీనే ఇచ్చెయ్యమని అడగడానికి వచ్చారు ఊరి సంఘం వాళ్ళు. వానలు అప్పుడే మొదలయ్యాయి. వచ్చినవాళ్ళందరూ తడిసిన గొడుగులు నా కుట్టుగదిలోనే విప్పి ఆరబెట్టారు. ఆ నీళ్ళు నేల మీద పరిచిన నర్సుల యూనిఫాం గుడ్డ వైపు పాకుతుంటే, నేను మిషను ఆపి పాతబట్టతో అడ్డుకట్ట వేస్తూ కూర్చున్నాను.

"బెంచీ ఒక్కటే కాదండీ," అన్నారు పెద్ద టీచరు. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన ఆవిడ. ఉద్యోగం అయిపోయాక సంఘానికి పెద్ద అయ్యారు. "కౌంటరు బల్ల, టికెట్ల బీరువా, వెయిటింగు రూము తలుపు. మీ ఇంట్లో ఉన్నవి స్టేషనుకి చేరితే, మిగతావాళ్ళు కూడా వాళ్ళిళ్ళల్లో ఉన్నవి తెచ్చిస్తారు."

కిటికీ పక్కన కుర్చీలో మావయ్య నిటారుగా కూర్చుని ఉన్నారు. టీ కూడా ముట్టలేదు.

"ఎవరి ఆర్డరు మీద?" అన్నారు.

"ఆర్డరేముందండీ, ఊరంతా కలిసి స్టేషను బాగుచేసుకుందామని..."

"ఊరిది కాదు టీచరుగారూ, రైల్వేది. నేనేమీ దొంగిలించి తేలేదు, కాపాడుతున్నాను. అప్పగించుకోవాల్సినవాళ్ళు వస్తే అప్పగిస్తాను."

"ఎవరొస్తారండీ ఇంకా? పట్టాలు కూడా పీకేశారు కదా."

"పట్టాలు పీకమని ఆర్డరొచ్చింది, పీకారు. నాకు రాలేదు."

అంతే. సంఘం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత అందరూ కలిసి నా మొహం చూశారు. అదిగో, నా చిరాకు అక్కడ మొదలైంది. ఆ వానాకాలం అయ్యేవరకూ ఊళ్ళో ఎవరికి ఏం తోచకపోయినా నా మొహమే చూశారు.

మాది రైలు కోసం పుట్టిన ఊరు. బొగ్గింజన్ల రోజుల్లో కొండ ఎక్కబోయే బళ్ళు ఇక్కడ ఆగి నీళ్ళు పట్టుకునేవట. ఆగిన ఇంజన్లకి షెడ్డు వేశారు, షెడ్డుకి వర్కుషాపు వచ్చింది, వర్కుషాపుకి మనుషులు వచ్చారు, మనుషులకి వీధులు వచ్చాయి. సైరను కూస్తే పొయ్యిలు వెలిగేవి, సైరను కూస్తే ఆరిపోయేవి. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి పావురం రంగులోకి వచ్చేదని మా అత్తగారు బతికున్నప్పుడు చెబుతూ ఉండేది. తర్వాత కొండని తొలిచి అవతలి వైపు కొత్త లైను వేశారు. తిన్నగా పోయే దారి దొరికాక వంకర దారిలో ఉన్న ఊరితో ఎవరికి పని? ముందు ఎక్స్‌ప్రెస్‌లు ఆగడం మానేశాయి. తర్వాత పాసింజరూ మానేసింది. వర్కుషాపుకి తాళం పడింది, ఆఖరికి స్టేషనుకీ పడింది. వయసులో ఉన్నవాళ్ళు పని వెతుక్కుంటూ పోయారు. మిగిలినవాళ్ళు స్టేషను మీద పడ్డారు.

పడ్డారంటే మామూలుగా కాదు. ఈగలు బెల్లం మీద పడ్డట్టు పడ్డారు. గంట బేకరీకి పోయింది, గడియారం సెలూనుకి పోయింది, తూకం మిషను పాతసామాన్ల కొట్టుకి పోయింది. ప్లాట్‌ఫారం మీది రాళ్ళయితే ఇంటికిన్ని పంచుకున్నారు. మా ఊళ్ళో ఎవరి స్నానాల గదిలో కాలు పెట్టినా బండి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది.

మా మావయ్య ఆ స్టేషనుకి ఆఖరి మాస్టరు. ఊళ్ళో ఆయన్ని 'రైట్‌టైము' గారంటారు. బండి ఎంత ఆలస్యంగా వచ్చినా మన గడియారమే ముందుందేమో చూసుకోండి అనే రకమట. జనం స్టేషనుని ఊడ్చుకుపోతుంటే, ఇంకా మిగిలినవి రెండు బళ్ళ మీద వేయించి ఇంటికి తెచ్చేశారు. కాపలా కోసం. నేను కాపురానికి వచ్చేసరికి ఈ ఇంటి ముందుగది సగం స్టేషనులా ఉంది. కౌంటరు బల్ల మీద గుడ్డ కత్తిరించడం నేర్చుకున్నాను. టికెట్ల బీరువాలో చిన్న చిన్న గూళ్ళుంటాయి, వాటిల్లో దారపు ఉండలు, గుండీలు పెట్టుకున్నాను. వెయిటింగు రూము తలుపు మా వీధి తలుపయింది. దాని మీద 'మొదటి తరగతి' అని చెక్కి ఉండేది. లోపల మా బతుకు ఏ తరగతో మాకు తెలుసు.

ఇక మావయ్య దినచర్య ఒక్కటే. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళాల గుత్తి తీసుకుని స్టేషనుకి వెళ్ళేవారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కాస్త నడుం వాల్చి మళ్ళీ వెళ్ళేవారు. "ఎక్కడికి మావయ్యా?" అంటే "డ్యూటీకి" అనేవారు. పెన్షను తీసుకుంటున్న మనిషి, పట్టాల్లేని స్టేషను. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటయింది. ఆ వానాకాలంలో మాత్రం ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ స్టేషను నాకూ కావాలి. ఉన్న మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? సంఘం వాళ్ళు రైల్వే ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక ఒప్పందం చేసుకొచ్చారు. వానాకాలం అయ్యేలోగా స్టేషనులో ఏదో ఒక పని నడుస్తూ కనబడితే ఊరి చేతికే వదిలేస్తారు. లేకపోతే సిమెంటు గోడౌను కట్టుకుంటానని ఎదురుచూస్తున్న కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారు. అతను ముందు చేసే పని ఆ బిల్డింగు పడగొట్టడం. సంఘం వాళ్ళ ఆలోచన ప్రకారం వెయిటింగు రూములో చదువుకునే గది, ప్లాట్‌ఫారం మీద వారం వారం సంత, బుకింగు హాల్లో కుట్టుపని. ఆ కుట్టుపని నేను చూసుకోవాలి. ఆస్పత్రి యూనిఫాంలన్నీ మాకే ఇస్తామన్నారు. మా వీధిలో మిషను తొక్కడం వచ్చి కూడా ఖాళీగా కూర్చున్న ఆడవాళ్ళు బోలెడుమంది. నా ముందుగదిలో దుప్పటి పరిస్తే అంచు వంటింట్లోకి వెళ్ళేది. ఎన్నాళ్ళని అలా?

"మీ నాన్నగారికి మీరైనా చెప్పొచ్చుగా," అన్నాను మా ఆయనతో. మా ఆయన వెల్డింగు పని చేస్తాడు. పైకప్పు ఇనుప దూలాలు అతికే పని సంఘం వాళ్ళు ఆయనకే అప్పజెప్పారు.

"సరేలే," అన్నాడు.

"సరేలే అంటే చెబుతారా, చెప్పరా?"

"చూద్దాంలే."

ఊళ్ళో ఆయన్ని వెనకాల 'సరేలే' అని పిలుచుకుంటారు. ఇంట్లో 'చూద్దాంలే' కూడా ఉంటుందని వాళ్ళకి తెలియదు.

పైకప్పు పని బయటి నుంచి మొదలైంది. లోపలికి వెళ్ళడానికి లేదు, తాళాలు మావయ్య దగ్గరున్నాయి. నిచ్చెనలు వేసుకుని మా ఆయనా, పదిమంది వర్కుషాపు పిల్లకాయలూ, అంటే ఒకప్పటి వర్కుషాపు వాళ్ళ పిల్లలు, ఇప్పుడు వాళ్ళకీ బట్టతలలొచ్చాయి, పెంకులు మార్చేవాళ్ళు. కింద మావయ్య గొడుగేసుకుని నిలబడి, "ఆ పెంకు అలా కాదు" అనేవారు. పని చెయ్యనివ్వరు, చేస్తే వంక పెడతారు.

కొన్నాళ్ళకి పెద్ద టీచరు ఆఫీసు నుంచి కాగితమే పట్టుకొచ్చారు. ముద్రతో సహా. ఇంక అయిపోయిందనుకున్నాను. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చదివారు.

"వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. సంతోషం," అన్నారు. "నన్ను రిలీవు చేసినట్టు ఇందులో ఎక్కడుంది?"

"మీరు రిటైరయిపోయారు కదండీ," అన్నారు టీచరు. బడిలో మందబుద్ధికి చెప్పేటంత ఓపిగ్గా.

"జీతం ఆగడం వేరు టీచరుగారూ. ఛార్జి అప్పగించడం వేరు."

ఆ రోజు పెద్ద టీచరు టీ తాగకుండా లేచారు. వాకిట్లో చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి, "తాళం పగలగొట్టడం ఎంతసేపమ్మా?" అన్నారు. "కానీ ఆ మనిషిని కాదని తాళం పగలగొడితే, రేపు ఈ ఊళ్ళో ఒక్కళ్ళూ ఆ గడప తొక్కరు. ఎవరి గంట వాళ్ళింట్లో, ఎవరి గడియారం వాళ్ళింట్లో ఉండిపోతాయి. నువ్వు చెప్పి చూడు."

"నా మాట వింటారా టీచరుగారూ?"

"ఎవరి మాటా వినరు. అందుకే నిన్నడుగుతున్నాను."

ఇదెక్కడి లెక్కో, ఎక్కాలు నేర్పిన ఆవిడకే తెలియాలి.

మర్నాడు బేకరీకి వెళ్ళాను. నేనే ముందు చిన్న సామాను పట్టుకెళ్ళినవాళ్ళ దగ్గర మొదలుపెడదామనుకున్నాను. ఆ గంట బేకరీ గుమ్మానికి వేలాడుతూ ఉంటుంది. వేడి రొట్టెలు దించగానే కొడతాడు, వీధంతా వినిపిస్తుంది.

"గంట స్టేషనుకి ఇచ్చేస్తే బాగుంటుందండీ," అన్నాను.

బేకరీ ఆయన నవ్వాడు. మంచివాడే, కానీ నోటికి హద్దుండదు. "ముందు రైట్‌టైము గారిని ఇమ్మనమ్మా. పెద్ద దొంగ బయటపడితే మేమెంత, చిన్న దొంగలం. వెనకాలే వచ్చేస్తాం."

కొట్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేను కొన్న రొట్టె కొట్లోనే మర్చిపోయి వచ్చేశాను. దారిలో స్టేషను ముందు కాంట్రాక్టరు మనిషి వానలోనే టేపు పట్టుకుని గోడలు కొలుచుకుంటున్నాడు. చావింటి ముందు నిలబడి ఇల్లు అద్దెకిస్తారా అని అడిగేవాణ్ణి చూసినట్టయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నోరు ఊరుకోలేదు.

"బేకరీ ఆయన మనల్ని పెద్ద దొంగలంటున్నాడు మావయ్యా."

మావయ్య తలెత్తారు. "వాడా? గంట ఎత్తుకుపోయినవాడు నన్నంటాడా?"

"వాళ్ళింట్లో స్టేషను సామాను ఉంది. మనింట్లో స్టేషను సామాను ఉంది. చూసేవాళ్ళకి తేడా ఏం కనబడుతుంది?"

ఆయన కంచం పక్కకి జరిపి లేచి వెళ్ళి పడుకున్నారు. మా ఆయన నా వైపు చూసి, "అలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"మీరు అనవలసిందేదో అని ఉంటే నేను అనక్కర్లేకపోయేది," అన్నాను.

"సరేలే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచీ ఆగకుండా వాన. మావయ్య ఎప్పటిలాగే వెళ్ళారు, మధ్యాహ్నం భోజనానికి మాత్రం రాలేదు. అలిగారని తెలుస్తూనే ఉంది. నాకు ఆస్పత్రి వాళ్ళకి ఇవ్వాల్సిన బట్టలున్నాయి. ఇంట్లో కరెంటు లేదు. అలిగిన ముసలాయనకి అన్నం మోసుకెళ్ళే తీరిక అసలే లేదు. అయినా క్యారియరు సర్దుకుని, గొడుగేసుకుని, దారి పొడుగునా ఆయన్ని ఏమేం అనాలో కూడబలుక్కుంటూ వెళ్ళాను.

వెనక తలుపు తీసే ఉంది. ఇన్నేళ్ళలో నేను లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. ఎవర్నీ రానిచ్చేవారు కాదు. లోపల సాలెగూళ్ళు, గబ్బిలాలు ఉంటాయనుకున్నాను. నేల తుడిచి ఉంది. గోడలకి ఎక్కడా చెమ్మ లేదు. కిటికీల గొళ్ళాలకి నూనె రాసి ఉంది. హాలు నిండా బకెట్లు, తట్టలు, పాత పెయింటు డబ్బాలు. పైనుంచి ధార కట్టిన చోటల్లా ఒకటి పెట్టి ఉంది. మావయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, నిండిన బకెట్టు ఎత్తి కిటికీలోంచి పారబోసి, మళ్ళీ తెచ్చి అదే చోట పెడుతున్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. దగ్గుతున్నారు.

"ఇన్నేళ్ళూ ఇదేనా మీ డ్యూటీ?" అన్నాను.

"కారుతుంటే చూస్తూ ఊరుకుంటే గోడలు నానిపోవూ?"

"పైన బాగుచేస్తున్నారుగా."

"పడమటి వైపు చేశారు." ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు అన్నారు. "బాగానే చేశారు. అక్కడ చుక్క రావట్లేదు."

క్యారియరు దించాను. ఆయన దాని వైపు చూడలేదు. బకెట్ల వైపే చూస్తూ చెప్పారు.

"ఆఖరి బండి వెళ్ళిపోయాక ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సోమవారం రిలీవరు వస్తాడు, అన్నీ చూపించి అప్పగించు, అందాకా జాగ్రత్త అన్నారు. సోమవారం ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. రాలేదు. ఫోన్ చేద్దామంటే ఆ లైను తీసేశారు. వచ్చే సోమవారం వస్తాడేమోనని మళ్ళీ కూర్చున్నాను. ఈలోగా జనం పడ్డారు. ఆఫీసు వాళ్ళొచ్చి అడిగితే నేనేం చూపించాలి?"

నిజానికి నాకు జాలి వెయ్యాలి. వేసింది కూడా, కాదనను. కానీ అంతకంటే ఎక్కువ విసుగొచ్చింది. ఆ రాని మనిషి మీద, ఆ ఫోన్ పెట్టేసిన మనిషి మీద, ఎవరో ఒక్క మాట అనేసి మర్చిపోతే దాన్ని పట్టుకుని ముసలివాడైపోయిన ఈ మనిషి మీద.

"మీక్కావాల్సింది రిలీవరే కదా," అన్నాను. "నేనొచ్చాను. నాకప్పగించండి."

"నువ్వు రైల్వే మనిషివి కాదు."

"ఈ ఊళ్ళో ఇప్పుడు రైల్వే మనిషి ఎవరున్నారు చెప్పండి. మీ ఇల్లు నేనే చూసుకుంటున్నాను. మీ కొడుకుని నేనే చూసుకుంటున్నాను. మీ మందులూ, మీ పెన్షను లైనూ నేనే. ఇదొక్కటే ఎందుకు మిగలాలి?"

పక్కనున్న బకెట్టు నిండి పొర్లుతోంది. ఆయన చూసీ కదల్లేదు. నేనే వెళ్ళి ఎత్తి, కిటికీలోంచి పారబోసి తెచ్చి పెట్టాను.

"కొంచెం ఎడమకి," అన్నారు.

ఎడమకి జరిపాను.

ఆయన మడిచిన ప్యాంటు దింపుకున్నారు. చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. దువ్వెన లేదు, చేత్తోనే తల సర్దుకున్నారు. "రా," అని ముందు నడిచారు.

"ఇది బుకింగు హాలు. కిటికీలు నాలుగు, అద్దాలు సరిగా ఉన్నాయి. ఒకటి బీటు."

"సరే."

"సరే కాదు. అందింది అనాలి."

"అందింది."

"కౌంటరు బల్ల, టికెట్ల బీరువా, ఇంట్లో భద్రంగా ఉన్నాయి."

"అందాయి. వాటి మీదే కదా నేను బతుకుతున్నది."

"అదనపు మాటలు వద్దు."

అలా గది తరవాత గది తిప్పారు. చెప్పులు తడిసి కాళ్ళు జారుతున్నాయి. ఉన్నవే కాదు, లేనివి కూడా చెప్పారు. గంట బేకరీలో. గడియారం సెలూనులో, ముల్లు ఒకటి లేదు. తూకం మిషను పాతసామాన్ల కొట్టు వెనక. ప్లాట్‌ఫారం రాళ్ళు ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయో వీధుల వారీగా చెప్పుకుంటూ పోయారు. ఏ ఇంటి పేరు చెప్పేటప్పుడూ గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒక్కరిని కూడా ఆయన నిలదియ్యలేదు.

"చేతిలో లేనిదానికి అందింది అనడమేమిటి మావయ్యా?"

"ఎక్కడుందో నీకు తెలిసిందా? అందినట్టే."

ఆఖరికి ప్లాట్‌ఫారం మీదికొచ్చాం. ఒకప్పుడు పట్టాలుండే చోట నడుమెత్తున గడ్డి, దాని మీద వాన.

"పట్టాలో?" అన్నాను.

"అవి నా టైములోనే పోయాయి. నీ లెక్కలోకి రావు."

తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. తర్వాత చూరు కింద పొడిగా ఉన్న చోట చతికిలబడి, చల్లారిన అన్నం మెతుకు వదలకుండా తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని, నా గొడుగు తీసుకుని బయల్దేరారు.

"మావయ్యా, నేనూ వస్తున్నాను."

"నువ్వెక్కడికి? బకెట్లెవరు చూస్తారు? వాన తగ్గాక రా," అని వెళ్ళిపోయారు.

చీకటి పడేదాకా బకెట్లు మోశాను. ఆస్పత్రి బట్టలు అలాగే ఉండిపోయాయి. ఇంటికెళ్ళేసరికి ఆయన గురక వీధిలోకి వినబడుతోంది.

పొద్దున లేచి చూద్దును కదా, మావయ్య బ్యాగు సర్దుకుంటున్నారు. ఆయనకో చెల్లెలుంది, సముద్రం పక్క ఊళ్ళో. ఏటా రమ్మని పిలిచేది. "డ్యూటీ వదిలి ఎలా వస్తాను" అని ఈయన ఏటా చెప్పేవారు. ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి ఈ ఊరు దాటి పడుకోలేదు.

"ఇవాళే వెళ్ళాలా?" అన్నాను. "సామాను తీసుకెళ్ళడానికి బండి మాట్లాడాలి. టీచరుగారికి చెప్పాలి. ఊళ్ళోవాళ్ళందరితో మీరు ఒక్క మాట..."

"నువ్వున్నావుగా," అని బస్సుకి వెళ్ళిపోయారు.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "సరేలే నాన్నా, జాగ్రత్త," అన్నాడు. ఆ క్షణంలో చేతికి కత్తెర అందకపోవడం ఆయన అదృష్టం.

బండి వచ్చింది. బెంచీ, కౌంటరు బల్ల, టికెట్ల బీరువా ఎక్కించారు. గుండీలూ దారాలూ ఒక దుప్పట్లో మూట కట్టుకుని, నేను బండి వెనక నడిచాను. పెద్ద వీధి పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఎవరూ నవ్వలేదు. బేకరీ ముందు నుంచి వెళ్తుంటే ఆయన పిండి చేతులతో బయటికొచ్చి, బెంచీ ఓ పక్కకి ఒరుగుతుంటే వచ్చి పట్టుకున్నాడు. స్టేషను దాకా పట్టుకునే ఉన్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తిరనాళ్ళ. పొద్దున లేస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి మోసుకుంటూ వచ్చేవాళ్ళు. గంట ఎప్పుడో తన మేడ మీద దొరికిందన్నాడు బేకరీ ఆయన. రోజూ గుమ్మంలో కొడుతూ, మేడ మీద దొరికిందట. గడియారం తన మావగారు బహుమతి ఇచ్చారన్నాడు సెలూను అతను. ప్లాట్‌ఫారం రాళ్ళు తెచ్చినవాళ్ళయితే, అవి తమ పెరట్లో తవ్వుతుంటే బయటపడ్డాయన్నారు, సబ్బు మరకలతో సహా. పాతసామాన్ల కొట్టు ఆయన తూకం మిషనుతోపాటు ఒక కుర్చీ కూడా తెచ్చుకుని, ఇది నేను తప్ప ఎవరూ వాడలేరు అని అక్కడే కూర్చున్నాడు. పెద్ద టీచరు ఎవర్నీ ఏమీ అడగలేదు. అందరూ మాత్రం అడక్కుండానే చెప్పారు. "మేం దొంగిలించలేదమ్మా, కాపాడాం." విని విని నా చెవులు పుండ్లు పడ్డాయి. 'అందింది' అని చెప్పి పంపించేదాన్ని.

వెయిటింగు రూము తలుపు తీసేశాక మా ఇంటికి వీధి తలుపు లేదు. పరదా కట్టాను. వాన పరదాని తోసుకుని లోపలికొచ్చేది. "చూద్దాంలే" అన్నాడు మా ఆయన. నేను తాళాల గుత్తి ఆయన ముందు పెట్టి, "రేపట్నుంచి పొద్దున మీరు తీయండి, సాయంత్రం మీరు వెయ్యండి, నేను ఈ గుమ్మంలో కాపలా ఉంటాను," అన్నాను. రెండు రోజుల్లో ఇనుప తలుపు చేసి బిగించాడు. పెళ్ళయ్యాక ఆయన ఏ పనైనా అంత తొందరగా పూర్తి చెయ్యడం అదే మొదలు. తలుపు గట్టిగానే ఉంది, వేసిన ప్రతిసారీ వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఇంట్లో ముందుగది బోసిపోయింది. నేనుండేది బుకింగు హాల్లో. ఆరు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్ళు, అరవై గొడవలు. ఒకరికి కిటికీ పక్కే కావాలి, ఒకరికి కిటికీ గాలి పడదు. అన్నం వేళకి ఎవడో వచ్చి చదువుకునే గది తాళం అడుగుతాడు. నిద్రవేళకి ఎవరో వచ్చి, సంత వాళ్ళ తట్టలు ప్లాట్‌ఫారం మీద తడుస్తున్నాయి అంటారు. వాన జోరందుకుంటే మా ఆయన నిద్రలో కదిలేలోపే నేను లేచి కూర్చుంటున్నాను.

మావయ్య వారంలో వస్తానన్నారు. నెల దాటింది. రాలేదు.

వానలు వెనకబట్టాక ఆఫీసు నుంచి ఇద్దరు చూడటానికి వచ్చారు. ఊరంతా వచ్చింది. "రైట్‌టైము గారేరీ?" అని అందరూ నన్నే అడిగారు. ఆయన కోసం ముందు వరసలో ఒక కుర్చీ వేశారు, అది ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్ళు బుకింగు హాలు చూశారు, మిషన్లు చూశారు, తల ఊపారు. సంత చూశారు. పాతసామాన్ల ఆయన ఇద్దరినీ బలవంతంగా తూకం వేశాడు. కాంట్రాక్టరు మనిషి కూడా ఒక పక్కన నిలబడి ఉన్నాడు, ఈసారి టేపు లేదు. చివరికి సామాన్ల గది చూపించమన్నారు. ఆ తలుపు వానకి ఉబ్బిపోయింది. తాళం తిరిగింది కానీ తలుపు కదల్లేదు. తోశాను, గుంజాను. వెనకాల పెద్దమనుషులు దగ్గుతున్నారు. పెద్ద టీచరు నా మొహం చూస్తున్నారు.

పక్కకి వెళ్ళి ఫోన్ చేశాను. అవతల పెద్దగా నవ్వులు, పేక ముక్కలు కలుపుతున్న చప్పుడు.

"మావయ్యా, సామాన్ల గది తలుపు రావట్లేదు. దానికేదో కిటుకుండాలే, ఎలా తీసేవారు?"

"ఛార్జి ఎవరిదమ్మా?"

"నాదే. అయినా..."

"ఛార్జి దిగినవాణ్ణి అడక్కూడదు. అది రూలు," అన్నారు. పక్కనెవరితోనో "నా ఆట, నా ఆట" అంటూ పెట్టేశారు.

నాకు ఒంట్లో ఉన్న కోపమంతా కాళ్ళలోకి దిగింది. వెనక్కి వచ్చి, ఆఫీసర్లని పక్కకి జరగమని, ఆ తలుపు అడుగున ఒక్క తన్ను తన్నాను. భళ్ళున తెరుచుకుంది. వాళ్ళిద్దరూ బురద బూట్లతో గబగబా లోపలికి అడుగెయ్యబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"కాళ్ళు తుడుచుకుని రండి," అన్నాను. "ఇది స్టేషను."